వృద్ధుల ఉష్ణసౌఖ్యం – గది శీతలీకరణ రూపకల్పన

వయసు మళ్లినవారు ఉండే గదిలో గాలి వేడి, తేమ, గాలి కదలిక, గోడలూ పైకప్పూ వెదజల్లే సెగ వారి ఒంటికి సరిపడేలా అమర్చడాన్ని వృద్ధుల ఉష్ణసౌఖ్య రూపకల్పన అంటారు. ఏసీ బిగించడం ఇందులో చివరి మెట్టు. డాబా మీది సున్నం నుంచి రిమోట్ మీది అక్షరాల దాకా అన్నీ దీని కిందికే వస్తాయి. పల్నాడు జిల్లా చిలకలూరిపేటనూ, దాని చుట్టూ గుంటూరు, ప్రకాశం జిల్లాల వైపు పరచుకున్న పత్తి, మిరప మైదానాన్నీ దృష్టిలో పెట్టుకుని ఈ విషయాన్ని ఇక్కడ వివరిస్తున్నాం.

ఊరు, ఎండ

చిలకలూరిపేట చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద ఉంది. 2011 జనాభా లెక్కల్లో పట్టణ జనాభా 1,01,398. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లాను విడదీసినప్పుడు పల్నాడు జిల్లాలోకి వచ్చింది. పొరుగున గణపవరంలో స్పిన్నింగు మిల్లులు, యడ్లపాడు మండలం వంకాయలపాడులో స్పైసెస్ పార్కు, దారి పొడుగునా మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. యంత్రాలతో గాలిని అదుపులో పెట్టడం ఈ ప్రాంతానికి పాత విద్యే. నూలు వడికే రింగ్ ఫ్రేముల హాలులో గాలి పొడిబారితే నూలు తెగుతుంది కాబట్టి తేమను 55–60 శాతం దగ్గర నిలబెడతారు. మిర్చి రంగు చెడకుండా టిక్కీలను (బస్తాలను) ఏళ్ల తరబడి చలిలో దాస్తారు. అసలు ఎయిర్ కండిషనింగ్ అనే పేరును 1906లో వాడుకలోకి తెచ్చిన స్టువర్ట్ క్రేమర్ అమెరికాలోని నూలు మిల్లుల ఇంజనీరు. అంతకు నాలుగేళ్ల ముందు విల్లిస్ కారియర్ రూపొందించిన వ్యవస్థ కూడా న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసులో కాగితం తేమకు సాగిపోకుండా చూడటానికి పుట్టింది. మనిషి సుఖం ఈ శాస్త్రంలోకి తర్వాత వచ్చింది. ముసలివారి సంగతి ఇంకా ఆలస్యంగా వచ్చింది.

మైదానంలో ఏప్రిల్ నుంచి పడమటి వడగాడ్పులు మొదలవుతాయి. మే నెలలో 40 డిగ్రీలు దాటడం ఏటా జరిగేదే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట ఇక్కడివారికి అనుభవంలో ఉన్నదే. సాయంత్రం సముద్రపు గాలి తిరిగితే ఎండ తగ్గినా తేమ పెరిగి ఉక్కపోత మొదలవుతుంది. 2003 మే నెలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. 2015లో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే ప్రభుత్వ లెక్క 1,369.

వడదెబ్బ అనగానే పొలంలోనో రోడ్డు మీదో పడిపోయిన మనిషి గుర్తుకొస్తాడు. ఇంట్లో మంచం మీదే ఒళ్లు కాగిపోయి, గుండె ఆగి పోయినవారు ఆ లెక్కల్లోకి ఎక్కడం కష్టం. ఇతర దేశాల లెక్కలు ఈ విషయాన్ని బయటపెట్టాయి. 2003 ఆగస్టులో ఫ్రాన్సులో మామూలు కంటే దాదాపు 15,000 మంది ఎక్కువగా చనిపోయారు. వారిలో అత్యధికులు 75 ఏళ్లు దాటినవారు. 2021 వేసవిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో వేడికి చనిపోయిన 619 మందిలో నూటికి 98 మంది ఇంటి లోపలే ప్రాణాలు విడిచారు. సగానికి పైగా ఒంటరిగా బతుకుతున్నవారు. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అమెరికాలోనో ఉండి, ఇద్దరు పెద్దవాళ్లే మిగిలిన ఇళ్లు చిలకలూరిపేట వీధుల్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఎన్నో ఉన్నాయి. అందుకే కెనడా లెక్క మనకు దూరపు సంగతి కాదు.

ముదిమిలో ఒళ్లు వేడిని ఎలా ఎదుర్కొంటుంది

వేడి తగిలితే ఒళ్లు రెండు పనులు చేస్తుంది. రక్తాన్ని చర్మం దగ్గరికి పంపుతుంది, చెమట పట్టిస్తుంది. వయసుతో ఈ రెండూ మందగిస్తాయి. చెమట ఆలస్యంగా, తక్కువగా పడుతుంది. చర్మానికి రక్తం పంపాలంటే గుండె ఎక్కువ కొట్టుకోవాలి, ఆ ఓపిక దానికి ఉండదు. దాహం వేయదు, అందువల్ల నీళ్లు తాగరు. బీపీకి వాడే నీటి మాత్రలు ఒంట్లోని నీటిని, లవణాలను ఇంకా తగ్గిస్తాయి. గుండెకు వాడే బీటా బ్లాకర్లు, నిద్రకూ మానసిక వ్యాధులకూ వాడే కొన్ని మందులు చల్లబడే శక్తిని దెబ్బతీస్తాయి. షుగరు వల్ల నరాలు మొద్దుబారినవారికి పాదాల్లో వేడీ చలీ సరిగా తెలియవు.

చలి వైపు కూడా ఇదే ఇబ్బంది. కండ తగ్గినకొద్దీ ఒంట్లో పుట్టే వేడి తగ్గుతుంది. 2010లో నెదర్లాండ్స్‌లో యువకులనూ వృద్ధులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి చూస్తే, వృద్ధులు ఏడు మెట్ల కొలమానం మీద సగం మెట్టు చలి వైపుగా చెప్పారు. వాళ్ల చేతుల్లో కాళ్లలో రక్తనాళాలు ఎక్కువ ముడుచుకున్నాయి. కొడుకు 22 డిగ్రీల దగ్గర హాయిగా పడుకున్న గదిలో తల్లి మఫ్లరు కట్టుకుని, మోకాళ్లు పట్టేశాయని వాకిట్లో మంచం వేసుకోవడానికి కారణం ఇదే.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. గది వేడెక్కిందో చల్లబడిందో గుర్తించే సూక్ష్మత వయసుతో తగ్గుతుంది. యువకులు ఒక డిగ్రీ తేడాను పసిగడితే, చాలామంది వృద్ధులకు అంతకు కొన్ని రెట్ల తేడా వస్తే గాని తెలియదు. కాబట్టి గది 34 డిగ్రీల దగ్గర ఉన్నా “నాకేం ఉక్కగా లేదులే, కరెంటు దండగ” అని పెద్దాయన అంటే ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయనకు నిజంగానే తెలియడం లేదు. వృద్ధుల గదికి కొలత ఆయన మాట కాకూడదు, గోడకు తగిలించిన థర్మామీటరు కావాలి. ఈ వ్యాసంలో తర్వాత చెప్పే ప్రతి అంశానికీ మూలం ఇదే.

ఎంత చల్లదనం చాలు?

ఈ ప్రశ్న మీద పండితులు ఇంకా ఒక మాట మీదికి రాలేదు. డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాంగర్ 1970లో ప్రచురించిన సూత్రం ఆరు విషయాలను లెక్కలోకి తీసుకుంటుంది: గాలి వేడి, చుట్టూ ఉన్న తలాల సెగ, గాలి వేగం, తేమ, ఒంట్లో పుట్టే వేడి, కట్టుకున్న బట్ట. వృద్ధులకు ఒంటి వేడి తగ్గినా చెమట ఆవిరి కూడా తగ్గుతుంది కాబట్టి వారికీ యువకులకూ కావలసిన ఉష్ణోగ్రత ఒకటేనని ఆయన తేల్చాడు. తర్వాతి ప్రయోగాలు చాలా వరకు దీన్ని ఒప్పుకోలేదు.

మన దగ్గరి పరిశోధన దీనికి మరో కోణం జోడించింది. మాధవి ఇంద్రగంటి 2008 వేసవి, వానకాలాల్లో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఇంటింటికీ తిరిగి కొలిచారు. ఏసీ లేకుండా బతుకుతున్నవారికి సుఖంగా అనిపించిన ఉష్ణోగ్రత 29.23 డిగ్రీలని తేలింది. సుఖపు హద్దులు 26 నుంచి 32.45 వరకు ఉన్నాయి. అట్టడుగు ఆదాయం ఉన్నవారి హద్దు ఇంకా పైకి, 33.1 దాకా పోయింది. వయసు ప్రభావం బలంగా కనపడలేదు, కానీ పెద్దవయసువారు గదిని “ఫరవాలేదు” అని ఒప్పుకోవడం ఎక్కువ. 2014లో అహ్మదాబాద్‌లోని సెప్ట్ విశ్వవిద్యాలయం వారు దేశానికంతటికీ తయారుచేసిన సుఖ నమూనా కూడా ఇదే దారిలో నడిచింది. బయటి సగటు వేడి పెరిగినకొద్దీ లోపల ఓర్చుకోగల వేడి పెరుగుతుందని ఆ నమూనా చెబుతుంది. 2016 జాతీయ భవన నియమావళి దాన్ని చేర్చుకుంది.

కెనడాలోని ఒట్టావా విశ్వవిద్యాలయంలో ఫలితం వేరుగా వచ్చింది. వృద్ధులను ఎనిమిది గంటల పాటు 22, 26, 31, 36 డిగ్రీల గదుల్లో ఉంచి లోపలి ఉష్ణోగ్రత, గుండె వేగం కొలిచారు. 26 వరకు ఒళ్లు నిలకడగా ఉంది, 31 నుంచి భారం పెరిగింది. బ్రిటిష్ కొలంబియా 2024 నుంచి కొత్త ఇళ్లలో కనీసం ఒక గది 26 డిగ్రీలు దాటకుండా ఉండాలని నియమం పెట్టింది.

హైదరాబాద్ కొలతలు సుఖం గురించి చెప్పాయి, ఒట్టావా కొలతలు ఒంటి భారం గురించి చెప్పాయి. వేసవికి అలవాటుపడ్డ పల్నాడు రైతు ఒంటినీ చలిదేశపు ఒంటినీ ఒక్క గాటన కట్టలేం, అయినా 80 ఏళ్ల గుండె ఎక్కడైనా 80 ఏళ్ల గుండే. రెంటినీ కలిపి చూస్తే ఈ మైదానానికి సరిపడే లెక్క ఇలా కనిపిస్తుంది: ఏసీ 27 దగ్గర, ఫ్యాను మెల్లగా, తేమ 50–60 శాతం. పగటి పూట 28 అయినా ఫరవాలేదు. 30 దాటితే పెద్దాయన ఏమన్నా సరే ఏసీ వేయాలి. 24 కంటే కిందికి దించాల్సిన పని దాదాపు ఎప్పుడూ రాదు. 2020 జనవరి నుంచి స్టార్ రేటింగు ఏసీలు ఆన్ చేయగానే 24 మీద ఉండాలన్న నిబంధన ఉంది. అది కరెంటు పొదుపు కోసం పెట్టినదే అయినా, వృద్ధులకు అదీ చలే.

బట్టను కూడా లెక్కలో వేయాలి. చీర, పంచె, లుంగీ ఒంటి వేడిని ఎంత పట్టి ఉంచుతాయో ఇంద్రగంటి తదితరులు ఒంటి వేడిని అనుకరించే ఉష్ణ బొమ్మలకు కట్టి కొలిచారు. కట్టే తీరు మారితే అదే చీర పట్టి ఉంచే వేడి బాగా మారుతుంది. పమిట నిండుగా కప్పుకోవడం, తీసి నడుముకు చుట్టుకోవడం లాంటి సర్దుబాట్లు మంచాన పడ్డవారికి చేతకావు. వారికి గదే సర్దుకోవాలి.

ముందు పైకప్పు

చిలకలూరిపేటలో చాలా ఇళ్లు డాబాలు. మే నెల మధ్యాహ్నం స్లాబ్ పైతలం 60 డిగ్రీల దాకా కాగుతుంది. ఆ వేడి కొన్ని గంటలు ఆలస్యంగా లోపలికి దిగి, రాత్రి పది దాటినా కింద పడుకున్నవారి మీద సెగ కొడుతూనే ఉంటుంది. మనిషికి తెలిసే వేడి దాదాపు గాలి వేడికీ చుట్టూ ఉన్న తలాల వేడికీ సగటు. గాలి 25, పైకప్పు సెగతో తలాల సగటు 35 అయితే ఒంటికి అది 30 డిగ్రీల గదే. మీద ఈదురు గాలి, పైనుంచి నిప్పుల సెగ. ముసలివారికి ఇంతకంటే చెడ్డ కలయిక లేదు. అప్పుడు ఏసీని 20కి దించుతారు, తెల్లవారుజామున స్లాబ్ చల్లారేసరికి గది ఒక్కసారిగా వణికిస్తుంది.

ఇళ్ల కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత పైకప్పు గుండా వేడి పారే గుణకం 1.2 దాటకూడదని చెబుతుంది. వట్టి కాంక్రీటు స్లాబ్‌కు అది 3 పైనే ఉంటుంది. అంటే ఆ నియమం పాటిస్తే పైనుంచి దిగే వేడి సగానికి మించి తగ్గుతుంది. కొత్త ఇల్లయితే స్లాబ్ మీద ఇన్సులేషను పొర వేసి పైన తెల్ల టైల్సు పరచాలి. పాత ఇంటికి తక్కువ ఖర్చులో పని అయ్యే మార్గం డాబాకు తెల్ల పూత, ఏటా ఫాల్గుణంలో మళ్లీ పూయాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో దాని అవసరం అంతకంటే తక్కువేమీ కాదు. డాబా మీద తాటాకు పందిరి వేసే పాత అలవాటు కూడా శాస్త్రం దృష్టిలో మంచిదే. పైఅంతస్తు గదిని పడుచువారికి ఇచ్చి, పెద్దవారిని కింది అంతస్తులో, పడమటి గోడ లేని గదిలో ఉంచడం పైసా ఖర్చు లేని పని. మెట్లు ఎక్కే బాధ కూడా తప్పుతుంది.

యంత్రం, అమరిక

ఏసీ సామర్థ్యాన్ని టన్నుల్లో చెబుతారు. ఒక టన్ను అంటే దాదాపు మూడున్నర కిలోవాట్ల చొప్పున వేడిని బయటికి తోడే శక్తి. పైకప్పు చక్కబరచిన 10 అడుగులు 12 అడుగుల గదికి ఒక టన్ను చాలు. ఎండ స్లాబ్ కింద అదే గదికి ఒకటిన్నర కావాల్సి వస్తుంది. అవసరం లేని చోట పెద్దది పెట్టడం వృద్ధుల గదిలో తప్పు. పెద్ద యంత్రం గాలిని గబగబా చల్లబరచి ఆగిపోతుంది, తేమను లాగడానికి దానికి సమయం చిక్కదు. గది చల్లగా, జిగటగా మిగులుతుంది. పాతరకం ఏసీల్లో కంప్రెసరు ఆగుతూ తిరుగుతూ ఉంటే గది వేడి రెండు మూడు డిగ్రీలు ఊగుతుంది. వేగం తగ్గించుకుంటూ ఆగకుండా నడిచే ఇన్వర్టర్ ఏసీ ఈ ఊపును చాలా తగ్గిస్తుంది కాబట్టి వృద్ధులకు అదే కొనాలి.

బిగించే చోటు టన్నుల కంటే ముఖ్యం. చల్లగాలి నేరుగా మంచం మీదికి, అందులోనూ తల మీదికీ మోకాళ్ల మీదికీ రాకూడదు. యూనిట్‌ను మంచానికి ఎదురుగా కాకుండా పక్క గోడకు పెట్టి, రెక్కలను పైకప్పు వైపు తిప్పితే చల్లగాలి పైన పాకి, కలిసి, మెల్లగా దిగుతుంది. ఒంటి ఉష్ణోగ్రత తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. అందుకే పడుకునేటప్పుడు 26 లేదా 27 పెట్టి, రెండు మూడు గంటల తర్వాత 28కి చేరేలా స్లీప్ మోడ్ వాడాలి. రాత్రి రెండు మూడుసార్లు బాత్రూముకి లేచే మనిషి చల్లని గది నుంచి ఉడుకుతున్న వసారాలోకి అడుగుపెట్టినప్పుడు బీపీ తటాలున మారి తూలిపడే ప్రమాదం ఉంది. గదికీ దారికీ తేడా ఐదారు డిగ్రీలు మించకూడదు. మంచం దిగగానే చెప్పులూ, చేతికి అందేలా లైటు స్విచ్చీ ఉండాలి.

మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పుతుంది. రోజంతా మూసిన గదిలో ఊపిరి బరువెక్కుతుంది. తెల్లవారుజామున, పొద్దుగూకాక కిటికీలు తెరవాలి, పై వెంటిలేటరును సిమెంటుతో మూసేయకూడదు. ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. కళ్లాల్లో మిర్చి ఆరబోసే రోజుల్లో ఘాటు గాలిలో ఉంటుంది, జిన్నింగు సీజనులో పత్తి నుసి ఎగురుతుంది. ఏసీ జాలీ రెండు వారాలకే పూడుకుపోతుంది. మిల్లుల్లో ఏళ్ల తరబడి పనిచేసి ఊపిరితిత్తులు దెబ్బతిన్న పెద్దలకు ఆ దుమ్ము దగ్గు తెప్పిస్తుంది. జాలీని పదిహేను రోజులకోసారి కడగడం ఇంట్లో ఎవరికో ఒకరికి అప్పగించాలి.

రిమోట్ గురించి తయారీదారులు సిగ్గుపడాలి. చత్వారం వచ్చిన కళ్లకు కనపడని బూడిదరంగు గీతలు, అన్నీ ఆంగ్లంలోనే, ఒక మీట తప్పు నొక్కితే మోడ్ మారిపోతుంది. మన పెద్దవాళ్లకు కావలసినవి ఆన్, ఆఫ్, చల్లగా, వెచ్చగా అనే నాలుగే పెద్ద మీటలు, తెలుగులో. అది వచ్చేదాకా రిమోట్‌కు అవసరం లేని మీటల మీద టేపు అంటించి, ఉన్నవాటి మీద తెలుగులో రాసిపెట్టడం నయం.

ఫ్యాను, కూలరు

ఫ్యాను గాలి సెకనుకు దాదాపు ఒక మీటరు వేగంతో తగిలితే ఒంటికి మూడు డిగ్రీలు తగ్గినట్టు ఉంటుంది. అందుకే 28 డిగ్రీల ఏసీతో పాటు నెమ్మదిగా తిరిగే ఫ్యాను మంచి జోడీ. అయితే గాలి చర్మం కంటే వేడిగా, అంటే 35 డిగ్రీలు దాటినప్పుడు ఫ్యాను వేడినే ఒంటి మీదికి తోస్తుంది. చెమట పట్టే పడుచువారికి ఆవిరి రక్ష ఉంటుంది, వృద్ధులకు అది తక్కువ. 2016లో టెక్సాస్‌లో చేసిన ప్రయోగంలో 42 డిగ్రీల గదిలో తేమ పెరిగేకొద్దీ ఫ్యాను వృద్ధుల గుండె వేగాన్నీ ఒంటి వేడినీ పెంచింది. మూసిన గదిలో ఒక్క ఫ్యాను వేసి పెద్దవారిని మే మధ్యాహ్నం వదిలేయడం ప్రమాదం. ఏసీ లేకపోతే తడిగుడ్డతో చేతులూ మెడా తుడుస్తూ ఫ్యాను కింద ఉంచాలి.

కూలరు ఏప్రిల్, మే పొడిగాడ్పుల్లో బాగా పనిచేస్తుంది. పాతకాలపు వట్టివేళ్ల తడికెల సూత్రమే దానిదీ. సముద్రపు గాలి తిరిగిన సాయంత్రాల్లోనూ, జూన్ తర్వాతా అది గదికి తేమను కలుపుతుందే గాని చల్లబరచదు. ఏసీకి డబ్బు లేని ఇంట్లో కూలరును కిటికీ బయట పెట్టి, ఎదుటి కిటికీ తెరిచి వాడితే కొంత మేలు.

కరెంటు, ఖర్చు

చక్కబరచిన గదిలో ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ 27 మీద రాత్రంతా నడిస్తే సుమారు నాలుగైదు యూనిట్లు కాలుతుంది. నెలకు 150 యూనిట్లు, యూనిట్ ఆరు రూపాయల లెక్కన ₹900. 2024 జులై నుంచి రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను ₹4,000. అందులో దాదాపు నాలుగో వంతు చల్లదనానికి పోతుందంటే పెద్దావిడ అర్ధరాత్రి లేచి ఏసీ ఆపేయడంలో ఆశ్చర్యం లేదు. ఈ ఖర్చు తగ్గించే మార్గం పైకప్పే. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెబుతుంది. 22 నుంచి 27కు జరిగితే మిగిలేది తక్కువేమీ కాదు.

కరెంటు పోయినప్పుడు ఇంట్లోని బ్యాటరీ ఇన్వర్టరు ఫ్యానునూ లైటునూ నడుపుతుంది, ఏసీని నడపదు. స్లాబ్‌కు రక్షణ ఉన్న గది కొన్ని గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. లేని గది అరగంటలో ఉడుకుతుంది. పెద్దవారు ఒంటరిగా ఉండే ఇంటికి ఇదొక్కటే చాలు పైకప్పు పని ముందు చేయించడానికి.

ఉమ్మడి ఏర్పాట్లు

ఫ్రాన్సు 2003 విషాదం తర్వాత వృద్ధుల సంరక్షణ గృహాల్లో కనీసం ఒక చల్లని గది తప్పనిసరి చేసింది. రోజంతా అందరి గదులూ చల్లబరచక్కర్లేదు. ఎండ ముదిరిన వేళ అందరినీ ఆ ఒక్క గదిలో కొన్ని గంటలు కూర్చోబెడితే ఒంటి మీది భారం దిగుతుంది. 2013లో దక్షిణాసియాలోనే మొదటి వేడి కార్యాచరణ ప్రణాళికను అహ్మదాబాద్ తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ విపత్తుల సంస్థ మండలాల వారీగా వడగాడ్పు హెచ్చరికలు పంపుతోంది. ఆ హెచ్చరిక ఫోనులో చూసుకోలేని పెద్దవారి ఇంటి తలుపు తట్టే మనిషి మాత్రం ఇంకా కావాలి.

తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం ఉండాలనీ, అందులో 150 మందికి చోటు ఉండాలనీ అది చెబుతుంది. గది వేడి ఎంత దాటకూడదో అందులో లేదు. పల్నాడు, ప్రకాశం లాంటి జిల్లాల్లో ఆశ్రమానికి అనుమతి ఇచ్చేటప్పుడు తెల్ల పైకప్పు, గోడ మీద థర్మామీటరు, 28 డిగ్రీలు దాటని ఒక ఉమ్మడి గది, కరెంటు పోతే ఆ గదికైనా జనరేటరు తప్పనిసరి చేయాలి. మున్సిపాలిటీ కల్యాణ మండపాలనూ బడి గదులనూ మే నెల మధ్యాహ్నాల్లో పెద్దవారికి తెరవవచ్చు. ఇంట్లో పెద్దవారున్న పాఠకులు ఈ ఎండాకాలం మొదలవకముందే మూడు పనులు చేయండి: డాబాకు తెల్ల పూత పూయించండి, పెద్దవారి గదిలో థర్మామీటరు తగిలించండి, అది 30 దాటితే వారిని అడగకుండానే ఏసీనో కూలరో వేయండి.